సింగ్‌నగర్‌లో మునిగిన మా బావ కారు: 2,30,000 నుంచి 5,09,000 దాకా

2024 సెప్టెంబర్ 19 మధ్యాహ్నం గుంటూరులో మా కోల్డ్ స్టోరేజ్ ఆఫీసులో లెక్కలు చూసుకుంటుంటే అక్క వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పెట్టింది. ఇన్సూరెన్సోళ్ళు పంపిన కన్సెంట్ లెటర్. క్యాష్ లాస్ కింద, అంటే రిపేరు బిల్లు అడక్కుండా రొక్కంగా, 2,30,000 ఇస్తాం, ఫుల్ అండ్ ఫైనల్, ఇక మీద ఈ క్లెయిమ్ గురించి ఏమీ అడగను అని కింద బావ సంతకం పెట్టాలి. "వారంలో డబ్బులు పడతాయంట, మీ బావ పెట్టేస్తానంటున్నాడు, ఒకసారి చూడు" అని రాసింది. నేను వెంటనే ఫోన్ చేసి బావా మీరు పెన్ను కింద పెట్టండి, సాయంత్రం బస్సుకి నేను వస్తున్నా అన్నా.

బావని తప్పు పట్టట్లేదు. ఆ ఇరవై రోజులు వాళ్ళు పడ్డది చూసినవాళ్ళెవరూ తప్పు పట్టరు. ఒకటో తారీఖు ఆదివారం పొద్దున లేచేసరికి బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చేశాయి, పదింటికి గేటు, పన్నెండింటికి కిటికీలు, సాయంత్రానికి వీధిలో ఉన్న కార్ల టాపులు తప్ప ఏమీ కనపడలేదు. అక్కావాళ్ళు మేడ మీద వాటా వాళ్ళింట్లో రెండు రాత్రులు కరెంటు లేకుండా ఉన్నారు. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిందని, అంత వరద బ్యారేజీ చరిత్రలోనే లేదని టీవీల్లో చెప్తున్నారు, మాకేమో ఇక్కడ అక్క ఫోను కలవట్లేదు. మూడో రోజు పడవ మీద ఫ్లైఓవర్ దాకా వచ్చి అక్కడి నుంచి పిల్లల్ని తీసుకుని గుంటూరు వచ్చారు. వినాయక చవితి మా ఇంట్లోనే చేసుకున్నారు. ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినవాడికి ఎవరో వచ్చి రెండు లక్షల ముప్పై వేలు వారంలో ఇస్తానంటే సంతకం పెట్టాలనే అనిపిస్తుంది కదా. వాళ్ళ వీధిలో చాలామంది పెట్టేశారు కూడా.

బండి 2020 దసరాకి కొన్న పెట్రోల్ డిజైర్. పాలసీ 2023 అక్టోబర్‌లో రెన్యూవల్ చేసింది, జీరో డిప్రిసియేషన్ ఉంది, అంటే మార్చిన సామాన్ల మీద తరుగుదల తీయరు, అదే మన ఏజెంట్లు బంపర్ టు బంపర్ అంటారే అది. నీళ్ళలో స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే పనికొచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేదు. ఐడీవీ 5,10,000. ఐడీవీ అంటే బండి మొత్తం పోతే కంపెనీ ఇవ్వడానికి ఒప్పుకున్న విలువ, అదే మోడల్ కొత్తబండి షోరూం ధరలోంచి బండి వయసుని బట్టి తరుగుదల తీసేసి లెక్క కడతారు, మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు బండికైతే 40 శాతం తీస్తారు. రెన్యూవల్ అప్పుడు ఏజెంట్ ఐడీవీ 4,60,000 వేసుకుంటే ప్రీమియం కొంత తగ్గుతుంది అన్నాడంట, అక్క వద్దంది. ఆ రోజు అక్క వద్దనకపోతే ఈ కథలో అంకెలన్నీ వేరేగా ఉండేవి.

ఇంకో పని కూడా వరద అయిన మొదట్లోనే సరిగ్గా జరిగింది. నీళ్ళు తీశాక ఎనిమిదో తారీఖున బావ ఇల్లు చూసుకోడానికి వెళ్ళి కారు దగ్గర నిలబడి ఫోన్ చేశాడు, ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూస్తానని. నేను అరిచినంత పని చేశా. తాళం తిప్పొద్దు బావా, ముందు బ్యాటరీ నెగటివ్ వైరు పీకేయండి, నాలుగు పక్కలా వీడియో తీయండి, లోపల బురద ఎంతవరకు వచ్చిందో తీయండి, అంతే, ఇంక ముట్టుకోవద్దు అన్నా. ఎందుకంటే మామూలు ప్యాకేజీ పాలసీలో వరద కవర్ అవుతుంది గానీ, నీళ్ళు నిండిన ఇంజిన్‌ని మనం స్టార్ట్ చేసి పాడుచేస్తే అది వరద వల్ల జరిగిన నష్టం కాదు, మీరు తర్వాత చేసిన పని వల్ల జరిగింది అంటారు. నీళ్ళు నొక్కుడుపడవు కాబట్టి పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ లేనివాళ్ళకి ఆ ఖర్చు చేతి నుంచే.

ఇక పంతొమ్మిదో తారీఖు రాత్రి అక్కావాళ్ళ ఇంట్లో, గోడలకి ఇంకా బురద చార ఆరకుండానే, కింద చాప వేసుకుని కాగితాలన్నీ ముందర పెట్టుకున్నాం. వర్క్‌షాప్ ఇచ్చిన ఎస్టిమేట్ 4,78,000. నష్టం లెక్క కట్టడానికి కంపెనీ పెట్టిన సర్వేయర్ ఒప్పుకున్నది 2,91,000. మధ్యలో 1,87,000 ఎక్కడికి పోయింది అనేది బావకి ఎవరూ చెప్పలేదు. "అంతే వస్తదన్నారు అమ్మాయ్" అన్నాడు. ఆ 2,91,000 కూడా రిపేరు చేయించి బిల్లు పెడితేనే, బిల్లు లేకుండా రొక్కం కావాలంటే 2,30,000. రొక్కం తీసుకుంటే ఆ బురద బండి మనకే ఉంటుంది, మీద లోను ఇంకా 1,63,000 ఉంది.

నాకు ఇన్సూరెన్స్ పని తెలీదు, నాకు తెలిసింది మిర్చి లెక్కలు. యార్డులో రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా మీద పెట్టినప్పుడు తేమ అని కొంత, తాలు అని కొంత తరుగు తీస్తారు. మొత్తం మీద ఇంకో వెయ్యి వేయండి అని బతిమాలే రైతుకి రూపాయి రాదు. ఈ తరుగు దేనికి తీశావ్, ఏ బస్తాలో తాలు చూశావ్, ఆ బస్తా ఇప్పు అని అడిగే రైతుకి వస్తుంది. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్నా ఇది. అందుకే బావతో ఒకటే చెప్పా, మనం ఎక్కువ ఇవ్వండి అని ఒక్కసారి కూడా అడగొద్దు, తీసిన ప్రతి లైనుకీ ఏ క్లాజు కింద తీశారో రాసివ్వమందాం.

మర్నాడు పొద్దున్నే సర్వేయర్ గారికి ఫోన్ చేశా. మర్యాదగానే మాట్లాడారు, ఆయన మీద కూడా వందల బండ్లు పడ్డాయి ఆ నెలలో. నేను కూడా గొంతు పెంచలేదు. సార్, మీరు తీసేసిన ఐటమ్స్ లిస్టు మెయిల్‌లో పంపండి, పక్కన కారణం రాయండి అన్నా. "అవన్నీ రిపోర్ట్‌లో ఉంటాయి మేడం" అన్నారు. రిపోర్ట్ కాపీ అడిగే హక్కు పాలసీదారుడికి ఉంది సార్, అదీ పంపండి, ఆ మాట కూడా మెయిల్‌లో రాస్తున్నా అన్నా. ఆ సాయంత్రమే బావ మెయిల్ నుంచి కంపెనీకి రాశాం, సర్వేయర్‌కి కాపీ పెట్టాం, ఈ కన్సెంట్ లెటర్‌కి మేము ఒప్పుకోవట్లేదు అని మొదటి వాక్యంలోనే. ఫోన్‌లో ఎన్ని మాట్లాడినా రేపు రుజువుకి ఏమీ మిగలదు, అందుకే ప్రతి ఫోన్ అయ్యాక మీరు ఇలా అన్నారు నేను ఇలా అన్నాను అని నాలుగు లైన్లు మెయిల్ కొట్టేదాన్ని.

లిస్టు వచ్చింది. ఇంజిన్ 86,000, కారణం ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేదు. వైరింగ్, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె), ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ కలిపి 74,000, కారణం శుభ్రం చేసి ఆరబెట్టి వాడొచ్చు. సీట్లు, కార్పెట్ 27,000, కారణం వాషింగ్ చాలు. కూడితే సరిగ్గా 1,87,000.

ఇంజిన్ సంగతి ముందు. ఆటోనగర్‌లో బావకి తెలిసిన పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నారు, నలభై ఏళ్ళుగా ఇంజిన్లే విప్పుతున్నారు, ఆయన్ని తీసుకుని 24న వర్క్‌షాప్‌కి వెళ్ళాం. ఆ దృశ్యం మర్చిపోలేను. వెనక ఖాళీ స్థలంలో బురద రంగులో ఒకే రకంగా బండ్లు వరసలు వరసలుగా, అద్దాల మీద చాక్‌పీసుతో నెంబర్లు, డోర్లు తీసి పెట్టారు, ముక్కు మూసుకోకుండా నడవలేం. ఒక బండి వెనక సీట్లో ఎవరో పాప స్కూల్ బూటు ఒకటే ఉంది.

సర్వేయర్ గారిని కూడా అదే టైముకి రమ్మని మెయిల్ పెట్టాం, వచ్చారు, ఆ మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. హెడ్ విప్పారు. నాలుగు సిలిండర్లలోనూ టీ రంగు నీళ్ళు, గోడలకి తుప్పు. మేస్త్రి గారు గుడ్డతో అద్ది, కింద క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో పిస్టన్‌ని పైకంటా తెచ్చారు. పైకి వచ్చాక బ్లాకు మీద అడ్డంగా ఒక స్టీలు స్కేలు పెట్టి, స్కేలుకీ పిస్టన్‌కీ మధ్య సందు కొలిచే ఫీలర్ గేజి రేకు దూర్చి చూశారు. ఒకటోది, రెండోది, మూడోది, నాలుగోది, అదే రేకు అదే బిగువుగా దూరింది. "రాడ్డు వంగితే పిస్టన్ పైదాకా రాదమ్మా, కిందనే ఆగిపోద్ది. ఇక్కడ నాలుగూ సమానంగా వచ్చినయ్. దీన్ని ఎవరూ స్టార్ట్ చేయలా" అన్నారు. నేను వీడియో తీస్తూనే ఉన్నా, రేకు మీద నెంబరు కనపడేలా. సర్వేయర్ గారు తనే వంగి ఇంకోసారి రేకు దూర్చి చూసుకుని తలూపారు.

ఇంజిన్ ప్రొటెక్ట్ అవసరమయ్యేది నీళ్ళలో స్టార్ట్ చేసి పాడైన ఇంజిన్‌కి. నిలబెట్టిన చోట మునిగి తుప్పు పట్టిన ఇంజిన్‌కి వరదే కారణం, పాలసీలో వరద అని రాసే ఉంది. ఈ మాట బావ ఎనిమిదో తారీఖు వీడియోతో, మేస్త్రి గారి కొలతల వీడియోతో, వర్క్‌షాప్ జాబ్ కార్డ్ మీద రాయించిన లైనుతో మెయిల్ చేశాం. నాలుగు రోజులకి 86,000 తిరిగొచ్చింది. లెక్క 3,77,000 అయింది.

ఇక్కడ ఒక అంకె చెప్పాలి, ఎందుకంటే ఇది తెలీకే చాలామంది రిపేరు దగ్గరే ఆగిపోతున్నారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ బండిని కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ అంటారు, అంటే బాగుచేయడం దండగ, మొత్తం పోయినట్టే లెక్క. అప్పుడు రిపేరు బిల్లు కాదు, ఐడీవీయే వస్తుంది. 5,10,000లో 75 శాతం 3,82,500. మాది 3,77,000 దగ్గర ఆగింది. ఇంకో 5,500. అందుకే ఆ వైరింగ్ 74,000 అంత ముఖ్యమైంది, మాకూ వాళ్ళకీ. జీరో డిప్ లేకపోతే ఈ లెక్క ఇంకా కష్టం అయ్యేది, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద సగం తరుగుదల తీస్తారు, మిగతా సామాన్ల మీద వయసుని బట్టి, అప్పుడు ఒప్పుకున్న మొత్తం ఎప్పటికీ 75 దాకా ఎక్కదు.

వైరింగ్ గురించి వర్క్‌షాప్ సూపర్‌వైజర్ నోటితో "ఇది వాడకూడదు మేడం" అని మూడుసార్లు అన్నాడు గానీ రాసివ్వమంటే వెనకాడాడు. డ్యాష్‌బోర్డు కింద నుంచి ఒక కనెక్టర్ పీకి చూపించాడు, పసుపు రంగుది, ఎయిర్‌బ్యాగ్ లైనుదంట, లోపల పిన్నులు చిలుం పట్టి పచ్చగా అయిపోయినయ్, ఇత్తడి చెంబు చింతపండు పెట్టకుండా వదిలేస్తే అయినట్టు. గోరుతో గీకితే పొడి రాలుతోంది. అన్నా, రేపు మా అక్క పిల్లలు ఈ బండిలో కూర్చుంటే గుద్దినప్పుడు బ్యాగ్ తెరుచుకుంటుందని నువ్వు సంతకం పెట్టగలవా అని అడిగా. పెట్టలేనన్నాడు. అయితే పెట్టలేననే రాసివ్వు అన్నా. మేనేజర్‌తో మాట్లాడి లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు ఇచ్చారు, నీట మునిగిన వైరింగ్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ శుభ్రం చేసి తిరిగి వాడితే వారంటీ ఇవ్వలేం, మార్చాలని మా సలహా అని. మొత్తం వ్యవహారంలో ఆ రెండు లైన్ల కాగితం చేసినంత పని ఇంకేదీ చేయలేదు. దాంతో 74,000 కూడా కలిసి 4,51,000 అయింది, 3,82,500 దాటేసింది. సీట్లు కార్పెట్ 27,000 నేను వదిలేశా, దాని అవసరం లేదు ఇంక.

అప్పుడు కంపెనీ నుంచి కొత్త మనిషి ఫోన్ చేశారు. టోటల్ లాస్ ఒప్పుకుంటాం గానీ పాలసీ తీసుకుని పదకొండు నెలలయింది కదా, ఈ రోజు మార్కెట్లో ఈ బండి 4,25,000కి మించదు, దానికి సెటిల్ చేసుకుందాం అన్నారు. బావ అయితే 2,30,000 నుంచి 4,25,000 అయింది చాల్లే అన్నాడు, అక్క కూడా అలిసిపోయింది, అప్పటికి దసరా దగ్గరికొచ్చింది. నేను పాలసీ పుస్తకం పీడీఎఫ్ తెరిచి ఐడీవీ అని ఉన్న పేరా పెద్దది చేసి ఇద్దరికీ చదివి వినిపించా. టోటల్ లాస్ విషయంలో పాలసీ కాలం మొత్తానికీ ఐడీవీనే మార్కెట్ విలువగా చూస్తారు, దాని మీద ఇంక ఏ తరుగుదలా తీయరు అని అందులోనే ఉంది. వాళ్ళు అచ్చేసిన మాట అది, మనం అడుక్కునేది కాదు. ఆ పేరా ఫోటో పెట్టి ఒకటే ప్రశ్న రాశాం, 85,000 ఏ క్లాజు కింద తగ్గించారు అని. దాంతోపాటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదుగా అదే మెయిల్ పంపాం, నెలలోపు సమాధానం రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి, దగ్గరికి వెళ్తామని. బెదిరింపుగా కాదు, నిజంగానే వెళ్ళేవాళ్ళం. దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు అక్కడ తేల్తాయి, మన ఏపీ వాళ్ళకి ఆ హైదరాబాద్ ఆఫీసే. కాకపోతే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి, అందుకే ఆ మెయిల్.

రెండు వారాలు ఏమీ రాలేదు. ఆ రెండు వారాలు కష్టం అనిపించింది, బావ స్కూటర్ మీదే తిరుగుతున్నాడు, ఎవరు పలకరించినా డబ్బులొచ్చాయా అనే. వాళ్ళ పక్క వీధిలో ఆటో తోలే బాబాయ్ ఒకాయన ఉన్నాడు, ఆయన కాగితాలు కూడా పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు, "నాది కూడా చూడమ్మా" అని. తిప్పి చూస్తే థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికే కవర్. ఆయన బండికి దాని కింద పైసా రాదు, ఎవర్ని అడిగినా రాదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, చాలాసేపు కాగితాలు చూస్తున్నట్టే కూర్చున్నా. చివరికి చెప్పా. "సర్లే అమ్మా" అని మడిచి జేబులో పెట్టుకుని టీ తాగి వెళ్ళాడు.

అక్టోబర్ 28న లెటర్ వచ్చింది. దాన్లో రెండు దారులు ఇచ్చారు. బండి మనమే ఉంచుకుంటే తుక్కు విలువ 1,35,000 తీసేసి మిగతాది ఇస్తారు. బండి వాళ్ళకే అప్పగిస్తే ఐడీవీలో 1,000 మాత్రం తీస్తారు, 1500 సీసీ లోపు బండ్లకి అది ఎలాగూ తప్పనిసరి కోత. మేము అప్పగించేదే తీసుకున్నాం, 5,09,000. మునిగిన బండిని 1,35,000 పెట్టి మనం కొనుక్కున్నట్టే కదా మొదటిది, ఆటోనగర్‌లో బేరం తెలిసినవాళ్ళయితే సరే, మనకెందుకు. బ్యాంకు లోను 1,63,000 కంపెనీ నేరుగా కట్టేసింది, 3,46,000 బావ ఖాతాలో పడింది. డబ్బు పడకముందు డిశ్చార్జ్ వోచర్ (ఇంత డబ్బుకి క్లెయిమ్ తీరిపోయిందని మనం రాసిచ్చే కాగితం) మీద అంకె ఖాళీగా ఉంచి సంతకం పెట్టించుకోవాలని చూశారు గానీ అంకె రాసి తెచ్చాకే పెట్టాం.

సంతకాల్లోనే ఇంకో గొడవ. తుక్కు కొన్నాయన తాలూకు మనిషి బండి ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 ఖాళీవి కట్ట తెచ్చి అన్నిటి మీదా పెట్టేయండి సార్ మేము నింపుకుంటాం అన్నాడు. పెట్టొద్దన్నా. ఇలాంటి బండ్ల ఛాసిస్ నెంబర్లు తీసుకెళ్ళి దొంగ బండ్లకి తగిలించే వాళ్ళున్నారు, అది లేకపోయినా రేపు ఆ నెంబరు మీద ఏ యాక్సిడెంట్ జరిగినా బావ పేరే వస్తుంది, ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టే చెప్పింది. కొన్నవాళ్ళ పేరు, అడ్రసు, తారీఖు అన్నీ నింపిన ఫారాల మీదే పెట్టాం, బండి అప్పగించిన కాగితం మీద తారీఖుతో పాటు టైము కూడా రాయించి, తీసుకున్న మనిషి ఆధార్ కాపీ, సంతకం తీసుకున్నాం.

నవంబర్ రెండో వారంలో బండి ఎత్తుకెళ్ళే రోజు నేను కూడా ఉన్నా. రికవరీ వ్యాన్ మీదకి లాగుతుంటే బావ ఆగమని చెప్పి లోపలికి వంగి డ్యాష్‌బోర్డు మీద అతికించి ఉన్న చిన్న దుర్గమ్మ బొమ్మని గోరుతో నెమ్మదిగా ఊడదీశాడు. నీళ్ళకి రంగంతా పోయింది. కర్చీఫ్‌లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఫాస్టాగ్ అక్కడే నిలబడి క్లోజ్ చేయించా.

తర్వాత ప్రతి ఆదివారం బావ బండి నెంబరు ఆన్‌లైన్‌లో కొట్టి చూసేవాడు, పేరు మారిందా లేదా అని. జనవరిలో సంక్రాంతికి రెండు రోజుల ముందు మారింది. స్క్రీన్‌షాట్ పంపాడు.